మూడు నెలల జంపర్, రోజూ ఒక సంతకం

ప్రశ్న: నమస్తే సార్. మాది హన్మకొండ. ఇన్‌స్ట్రుమెంటేషన్‌లో బీటెక్ చేసి రెండేళ్లుగా పెద్దపల్లి జిల్లాలో ఒక ప్లాంటులో పని చేస్తున్నాను. మాది ఊకతో నడిచే బాయిలర్, గంటకు 10 టన్నుల ఆవిరి. మొన్నటి వానాకాలంలో డ్రమ్ లో-లో లెవెల్ ట్రిప్ (డ్రమ్‌లో నీళ్లు మరీ తగ్గితే బాయిలర్‌ను దానంతటదే ఆపేసే ఏర్పాటు) మూడుసార్లు ఊరికే పడింది. మూడుసార్లూ డ్రమ్‌లో నీళ్లు సరిగ్గానే ఉన్నాయి. మూడోసారి మా మేనేజర్ సార్ జంక్షన్ బాక్సులో జంపర్ (స్విచ్చును పక్కన పెట్టి ట్రిప్ పడకుండా చేసే వైరు ముక్క) పెట్టించి, "వచ్చే షట్‌డౌన్‌లో చూద్దాం" అన్నారు. మూడు నెలలైంది, అది అట్లనే ఉంది. అడిగితే "గేజ్ గ్లాసు ఉంది, ఆపరేటర్ ఉన్నాడు, పైగా మనది సిల్ 2 సిస్టమ్, నీకెందుకు పరేషాన్" అంటున్నారు. షిఫ్టు చివర చెక్‌లిస్టులో "అన్ని ప్రొటెక్షన్లు హెల్దీ" అన్న గడిలో టిక్ పెట్టి సంతకం చేసేది మాత్రం నేనే. మా నాన్న సింగరేణిలో ఓవర్‌మన్‌గా (గనిలో షిఫ్టు పని చూసే సూపర్‌వైజర్) రిటైరయ్యారు. ఆయన కూడా "ఉద్యోగం దొరకడమే కష్టం, ఊకో బిడ్డా" అంటున్నారు. నేను అతిగా భయపడుతున్నానా? ఇంకొకటి, ఫంక్షనల్ సేఫ్టీ సర్టిఫికెట్ కోర్సు చేస్తే నా మాటకు విలువ వస్తుందా? ఫీజు నా రెండు నెలల జీతం కంటే ఎక్కువ. (నా పేరు వేయకండి.)

జవాబు: బిడ్డా, నువ్వు అతిగా భయపడటం లేదు. మూడు నెలల కింద భయపడినంత ఇప్పుడు భయపడటం లేదేమో అని నాకు అనుమానం. రోజూ చూసే వైరు కొన్నాళ్లకు కంటికి ఆనదు.

మిగతాదంతా తర్వాత మాట్లాడుకుందాం. ఇది చదివిన రోజు షిఫ్టులో ఆ గడిలో టిక్ పెట్టకు. దాని పక్కన "లో-లో లెవెల్ ట్రిప్ జంపర్‌లో ఉంది, ఫలానా తేదీ నుంచి" అని రాసి సంతకం పెట్టు. ఎవరు పెట్టించారో, ఎందుకు పెట్టించారో, అది తప్పో ఒప్పో రాయొద్దు. ఉన్నది ఉన్నట్టు రాస్తే చాలు. దానికి నిన్ను ఎవరూ తప్పు పట్టలేరు, పట్టినా "అబద్ధం రాయమంటారా సార్" అనే ప్రశ్నకు ఎవరి దగ్గరా జవాబు ఉండదు. ప్రమాదం జరిగితే మొదట జప్తు చేసేది లాగ్‌బుక్కునే. అందులో మేనేజర్ నోటిమాట కనపడదు, నీ టిక్కులు తొంభై కనపడతాయి.

ఇప్పుడు నా సంగతి ఒకటి చెప్పాలి, లేకపోతే ఇదంతా నీతులు చెప్పినట్టు ఉంటుంది. నేనూ జంపర్ పెట్టినవాడినే. ఉద్యోగంలో చేరిన కొత్తలో, ఒక ఫ్యాన్ బేరింగ్ టెంపరేచర్ ట్రిప్‌కు, రాత్రి షిఫ్టులో, "పొద్దున తీసేస్తా" అనుకుని పెట్టాను. పొద్దున ఇంటికి పోయి పడుకున్నాను. తొమ్మిది నెలల తర్వాత ఓవర్‌హాల్‌లో ఇంకెవరో ప్యానెల్ తుడుస్తుంటే అది బయటపడింది. ఆ తొమ్మిది నెలల్లో ఏమీ కాలేదు. నన్ను ఎవరూ తిట్టలేదు కూడా, నవ్వుకున్నారు. నాకు ఇప్పటికీ సిగ్గనిపించేది జంపర్ పెట్టినందుకు కాదు, ఆ తొమ్మిది నెలలూ ఆ ట్రిప్ పనిచేస్తుందని నేను మనస్ఫూర్తిగా నమ్మినందుకు.

ఈ సబ్జెక్టులో అసలు చిక్కు అక్కడే ఉంది. పాత బాయి చుట్టూ గోడ కడితే పిల్లలు పడరు. గోడ ఉందా కూలిందా అన్నది దూరం నుంచే తెలుస్తుంది. అదీ సేఫ్టీయే, కానీ అది కొత్తగా ఏ పనీ చేయక్కర్లేదు, నిలబడి ఉంటే చాలు. ట్రిప్ అట్లా కాదు. అది ఏళ్ల తరబడి ఏమీ చేయకుండా కూర్చుని, ఒక్క క్షణంలో, పిలిచినప్పుడు, సరిగ్గా పని చేయాలి. అట్లా పని చేస్తేనే కాపాడేదాన్ని ఫంక్షనల్ సేఫ్టీ అంటారు. చచ్చిపోయిన ట్రిప్, బతికున్న ట్రిప్ చూడటానికి ఒకేలా ఉంటాయి. రెండూ మౌనంగానే ఉంటాయి.

మీ మేనేజర్ గారి "సిల్ 2" మాట దగ్గరికి వద్దాం. సిల్ అంటే సేఫ్టీ ఇంటెగ్రిటీ లెవెల్, ఒక రక్షణను ఎంత నమ్మొచ్చో చెప్పే మెట్టు. ఐఈసీ 61508 ప్రమాణం లెక్కలో, అరుదుగా అవసరపడే రక్షణకు సిల్ 2 అంటే పిలిచినప్పుడు పలకని అవకాశం నూటికి ఒకటి కంటే తక్కువ ఉండాలి. సిల్ 1 అయితే పదికి ఒకటి కంటే తక్కువ. మీ బీరువాలో ఉన్న సిల్ సర్టిఫికెట్ స్విచ్చుకో రిలేకో ఇచ్చినది. సిల్ మాత్రం మొత్తం వరసది: నీళ్లను చూసే స్విచ్చు, మధ్యలో వైరింగు, రిలే, చివరికి ఊక ఫీడర్‌నూ ఫ్యాన్లనూ ఆపే కాంటాక్టరు దాకా. అందులో ఒకచోట జంపర్ పడితే మిగతావి ఎంత గొప్పవైనా లెక్కలోకి రావు.

ఇప్పుడు కాగితం తీసుకో. సంవత్సరంలో మూడు నెలలు జంపర్ ఉందంటే, ఆ సంవత్సరంలో ఎప్పుడు పిలిచినా పలకని అవకాశం నాలుగింట ఒకటి. 0.25. సిల్ 2 హద్దు 0.01, సిల్ 1 హద్దు 0.1. అంటే మీది సిల్ 2 కాదు, సిల్ 1 కూడా కాదు, ఆ పట్టికలో దానికి గడే లేదు. తిరగేసి చూడు: ఏడాదికి 8,760 గంటలు, అందులో నూటికి ఒకటి అంటే 87 గంటల చిల్లర. స్విచ్చు, రిలే అన్నీ దేవుడు చేసినవే అనుకున్నా, ఏడాది మొత్తం మీద నాలుగు రోజులు కూడా నిండకుండానే జంపర్ ఆ సిల్ 2ను తినేస్తుంది. మేనేజర్ గారికి ఈ ఒక్క లెక్క చూపించు. వాదన అక్కర్లేదు, క్యాలిక్యులేటర్ చాలు.

టెస్టింగ్ సంగతి నీ ఉత్తరంలో లేదు. ఉంటే బాగుండేది. పైకి కనపడకుండా చెడిపోవడం అన్నది ఒక స్విచ్చుకు సగటున వందేళ్లకు ఒకసారి అనుకుందాం. ఏడాదికోసారి పరీక్షిస్తే, చెడిపోయిన సంగతి తెలియకుండా సగటున ఆర్నెల్లు గడుస్తాయి. వందేళ్లలో ఆర్నెల్లు అంటే 0.005, సిల్ 2లోనే ఉంది. అదే స్విచ్చును మూడేళ్లకోసారి చూస్తే ఏడాదిన్నర, 0.015. సిల్ 1కు జారింది. స్విచ్చు మారలేదు, సర్టిఫికెట్ మారలేదు. మీ దగ్గర చివరిసారి నీళ్లు నిజంగా దించి ఆ ట్రిప్‌ను ఎప్పుడు పరీక్షించారో కనుక్కో. రిలేను వేలితో నొక్కి "ఓకే" రాయడం పరీక్ష కాదు.

పరీక్ష చేసి కూడా ఎట్లా మోసపోతామో చెప్పే ఉదంతం ఒకటుంది. లండన్‌కు ఉత్తరాన బన్స్‌ఫీల్డ్ అనే చోట ఒక పెద్ద ఇంధన డిపో. 2005 డిసెంబర్ 11, ఆదివారం తెల్లవారుజాము. 912 నంబరు ట్యాంకులోకి పెట్రోలు ఎక్కుతోంది. లెవెల్ గేజ్ ఒకచోట ఇరుక్కుపోయి అదే అంకె చూపిస్తూ కూర్చుంది. సరే, గేజ్ పోయినా దానితో సంబంధం లేని హై లెవెల్ స్విచ్చు ఇంకొకటుంది, అది పడితే పంపింగ్ ఆగాలి. ఆ స్విచ్చుకు పరీక్ష కోసం ఒక చిన్న లివర్ ఉంటుంది. పరీక్ష అయ్యాక ఆ లివర్‌ను పని చేసే స్థానంలో పట్టి ఉంచడానికి ఒక తాళం కప్ప వేయాలి. ఆ కప్ప దొంగల కోసం అనుకున్నారు, వేయలేదు. లివర్ సరైన చోట నిలవలేదు, స్విచ్చు పలకలేదు. రెండున్నర లక్షల లీటర్లకు పైగా పెట్రోలు పొర్లి, ఆవిరి మేఘమై అంటుకుంది. 43 మందికి గాయాలయ్యాయి. ఆదివారం పొద్దున కాబట్టి ఎవరూ చనిపోలేదు. కప్ప ఎందుకో ఆ సైటులో ఎవరికీ తెలియదు. మీ జంపర్ ఎందుకో ఈ రోజు నీకు తెలుసు. నువ్వు బదిలీ అయ్యాక వచ్చేవాళ్లకు ఎవరు చెప్తారు?

భోపాల్ గురించి చిన్నప్పటి నుంచి వింటూనే ఉన్నావు, పొడిగించను. 1984 డిసెంబర్ 2 రాత్రి ఆ ప్లాంటులో రక్షణలు లేక కాదు. చల్లబరిచే రిఫ్రిజిరేషన్ జూన్ నుంచి ఆపేసి ఉంది, గ్యాసును కాల్చేసే ఫ్లేర్‌కు పోయే పైపు ఊడదీసి ఉంది, గ్యాసును కడిగేసే స్క్రబ్బర్ స్టాండ్‌బైలో ఉంది. ఒక్కొక్కటి విడివిడిగా అడిగి ఉంటే ప్రతిదానికీ ఒక సమాధానం చెప్పి ఉండేవారు.

"గేజ్ గ్లాసు ఉంది, ఆపరేటర్ ఉన్నాడు" అన్న మాట కొట్టిపారేసేది కాదు. కానీ దానికీ లెక్క వేయాలి. గంటకు 10 టన్నులంటే నిమిషానికి దాదాపు 167 కిలోల నీళ్లు ఆవిరై పోతాయి. ఫీడ్ పంపు ఆగిందనుకో. నార్మల్ లెవెల్ నుంచి లో-లో దాకా మీ డ్రమ్‌లో ఎన్ని నీళ్లున్నాయో డ్రాయింగ్ చూసి లెక్క కట్టు. అది 500 కిలోలైతే మూడు నిమిషాలు. ఆ మూడు నిమిషాల్లో ఆపరేటర్ ఊక బంకర్ జామ్ అయిందని కర్ర పట్టుకుని పైకి పోయి ఉండొచ్చు. ఛాయ్‌కి పోయాడనే అనుకోనక్కర్లేదు, పని చేస్తూనే ఉంటాడు, వేరేచోట. అలారం విని మనిషి చేసే పనికి రిస్కు లెక్కల్లో మామూలుగా ఇచ్చే విలువ, అన్నీ బాగుంటే, పదికి ఒకసారి తప్పుతాడని. దానికి కూడా తీరిగ్గా ఆలోచించే వ్యవధి ఉండాలి.

ఇంకో ప్రమాదం ఏమిటంటే, గ్లాసులో నీళ్లు కనపడకపోతే కొత్త ఆపరేటర్ చెయ్యి మొదట పోయేది పంపు బటన్ మీదికే. ఎర్రగా కాలిన ట్యూబుల మీద చన్నీళ్లు పడితే ఏమవుతుందో నీకు చెప్పక్కర్లేదు. గ్లాసు ఖాళీ అయితే ముందు మంట ఆపాలి, నీళ్లు కాదు పెట్టాల్సింది. ట్రిప్ ఉన్నది ఆ తొందరపాటు చెయ్యికంటే ముందు మంటను తీసేయడానికే. అందుకే అన్ని జంపర్లూ ఒకటి కావు. నా బేరింగ్ జంపర్‌తో ఒక బేరింగ్ పోయేది. మీది మనుషులను తీసుకుపోయేది.

అసలు ఆ ట్రిప్ "ఊరికే" పడిందన్న మాట కూడా నాకు పూర్తిగా మింగుడు పడలేదు. మీ ప్రాంతం రైల్వే వాళ్లది, కాజీపేటలో ఎవరినైనా పాత గార్డును అడుగు, బండి మధ్యలో తెగిపోతే ఏమవుతుందని. బ్రేకు పైపు తెగుతుంది, గాలి పోతుంది, రెండు ముక్కలకూ బ్రేకులు పడతాయి. చెడిపోతే ఆగిపోయే వైపు చెడిపోవాలి, అదీ దాని కట్టడం. నీ స్విచ్చు సర్క్యూట్ కూడా అంతే, ఎప్పుడూ మూసి ఉంటుంది, ఎక్కడ తెగినా ట్రిప్. వానలో జంక్షన్ బాక్సులోకి నీళ్లు దిగాయి, టెర్మినల్ తుప్పు పట్టి కాంటాక్టు వదిలింది, బాయిలర్ ఆగింది. మూడుసార్లూ అది చెప్పింది ఒకటే: నా వైరు బాగా లేదు. మనం వైరు బాగు చేయలేదు, నోరు కట్టాం. మన ఊళ్లలో బోరు మోటర్ స్టార్టర్ రిలే ఊకె పడుతోందని పుల్ల పెట్టి కట్టేస్తారు చూడు, ఆ తర్వాత మోటర్ కాలితే వైండింగ్ చేసినవాణ్ణి తిడతారు. అదే ఇది.

మేనేజర్ గారితో ఎట్లా మాట్లాడాలి? ఆయన చెడ్డవాడని నేను అనుకోవడం లేదు. ఒక్కో ట్రిప్‌కు ఎన్ని గంటల ఉత్పత్తి పోయిందో పైవాళ్లకు సంజాయిషీ ఇచ్చుకునేది ఆయన. "సేఫ్టీ" అన్న మాటతో మొదలుపెడితే నీతులు చెప్పడానికి వచ్చిందనుకుంటాడు. పనితో మొదలుపెట్టు. ఇట్లా అనొచ్చు: "సార్, ఆ ట్రిప్ ఇక ఊరికే పడకుండా చేస్తాను. నాకు బాయిలర్ ఆపి రెండు గంటలు కావాలి. జంక్షన్ బాక్సు మార్చి, కేబుల్ గ్లాండు కిందివైపు పెట్టి, టెర్మినళ్లు కొత్తవి వేస్తాను. నీళ్లు దించి ట్రిప్ పరీక్షించి చూపిస్తాను. ఆ తర్వాత జంపర్ అవసరం ఉండదు." ఏ మేనేజరైనా ఈ బేరానికి కనీసం చెవి ఒగ్గుతాడు.

ఆ రెండు గంటలు దొరికేదాకా, అది రేపో ఎల్లుండో కావాలి, వచ్చే షట్‌డౌన్ కాదు, గేజ్ గ్లాసు దగ్గర ఒక మనిషి నిలబడాలి. అతనికి వేరే పని ఉండకూడదు, ఫోన్ ఉండకూడదు, చేతికందే దూరంలో ఎమర్జెన్సీ స్టాప్ ఉండాలి, ఎవరినీ అడగకుండా నొక్కే అధికారం ఉండాలి. రెండు గంటలకోసారి మనిషి మారాలి. ఇది ఖర్చని మేనేజర్ అంటే మంచిదే. జంపర్ నిజమైన ఖరీదు అప్పుడే కనపడుతుంది.

దీంతోపాటు ఒక రిజిస్టర్ పెట్టించు. పది రూపాయల నోట్‌బుక్ చాలు. ఏ ట్రిప్, ఎందుకు ఆపాం, ఎవరు ఒప్పుకున్నారు, బదులుగా ఏం చేస్తున్నాం, ఏ రోజు ఎన్ని గంటలకు తీసేయాలి. ఆ చివరి గడి ఖాళీగా ఉంటే జంపర్ పెట్టకూడదు. టెర్మినల్ మీద ఎర్ర ట్యాగు, షిఫ్టు మారేటప్పుడు నోటితో చెప్పడం. ఏ ప్లాంటులోనూ బైపాస్ (ఇట్లా ఒక రక్షణను కొంతసేపు పక్కన పెట్టడం) లేకుండా పని జరగదు, పరీక్షకైనా కావాలి. పుట్టిన రోజు, చచ్చే రోజు రాసి లేని బైపాస్‌తోనే నాకు పేచీ.

తర్వాతి షట్‌డౌన్‌కు మాత్రం ఒక ప్రతిపాదన సిద్ధం చేసుకో: ఒక స్విచ్చు బదులు నీటి మట్టం కొలిచే మూడు ట్రాన్స్‌మిటర్లు, మూడింట రెండు "నీళ్లు లేవు" అంటేనే ట్రిప్. ఒకటి చెడిపోయి తప్పుడు మాట చెప్పినా బాయిలర్ ఆగదు, ఒకటి చెడిపోయి మౌనంగా ఉన్నా మిగతా రెండు ఆపుతాయి. ఉత్పత్తికీ ప్రాణానికీ ఇద్దరికీ నచ్చే ఏర్పాటు. ఒక్క జాగ్రత్త. అందులో ఒకదాన్ని "బాగానే ఉంది" అని బలవంతంగా నిలబెడితే మిగిలిన రెండూ కలిసి చెప్తేనే ట్రిప్ పడుతుంది. అదే దాన్ని "ట్రిప్" వైపు పెడితే మిగిలిన రెండింట్లో ఏ ఒక్కటి చెప్పినా పడుతుంది. రిపేరు చేసేటప్పుడు ఎటువైపు పెడుతున్నారన్నది ఆపరేటర్ ఇష్టానికి వదిలేయకుండా ముందే రాసిపెట్టించు. ట్యాపింగులు, అంటే డ్రమ్ నుంచి వాటికి పోయే పైపులు కూడా మూడూ వేర్వేరుగా ఉండాలి. ఒకే పైపు మీద మూడు పెడితే, ఆ పైపు పూడుకుపోయిన రోజు మూడూ ఒకే అబద్ధం చెప్తాయి.

ఇంత చేసినా ఆయన కాదంటే? అదే విషయాన్ని మూడు వాక్యాల మెయిలుగా పంపు, ఆయన పైవారికి కాపీ పెట్టు. ఆపైన బాయిలర్ ఇన్‌స్పెక్టర్ ఉన్నాడు, సేఫ్టీ వాల్వును పని చేయకుండా చేయడం 2025 దాకా అమల్లో ఉన్న 1923 నాటి బాయిలర్ల చట్టంలోనే శిక్ష పడే నేరంగా ఉండేది, ఆ శాఖ వాళ్లకు నీటి మట్టం ట్రిప్ ఎంత ముఖ్యమో వేరే చెప్పక్కర్లేదు. దీనివల్ల నీ ఉద్యోగానికి ఇబ్బంది రాదని నేను హామీ ఇవ్వలేను. రావొచ్చు. అందుకని ఇప్పటి నుంచే వేరేచోట ప్రయత్నాలు చేసుకో. రెండేళ్ల బాయిలర్ ఇన్‌స్ట్రుమెంటేషన్ అనుభవం ఉన్న పిల్లకు రామగుండం నుంచి హైదరాబాద్ దాకా పని దొరుకుతుంది. ఆ సంతకాలు మాత్రం ఈ రోజుతో ఆపు, ఉద్యోగం ఉన్నా పోయినా.

నాన్నగారి గురించి. ఆయన మాట భయంతో అన్నదే, నీ మీద ప్రేమతో. ఆయనతో వాదించకు, ఒక ప్రశ్న అడుగు. "నాన్నా, బొగ్గు బాయిలో మీథేన్ గ్యాసు ఎంత దాటితే కరెంటు తీసేసేవాళ్లు?" 1.25 శాతం అని నిద్రలో లేపి అడిగినా చెప్తారు. తర్వాత అడుగు, మీథేన్ పేలేది ఎంత దగ్గర? 5 శాతం దగ్గర. మరి నాలుగో వంతు దగ్గరే ఎందుకు ఆపేవాళ్లు, బొగ్గు నష్టం కాదా? మీటరు ఊకె ఎక్కువ చూపిస్తోందని దాని మీద గుడ్డ కప్పి షిఫ్టు నడిపిన ఓవర్‌మన్ ఎవరైనా ఉంటే ఆయన ఏమనేవారు? ఆయన చెప్పే జవాబు నా ఉత్తరం కంటే బాగుంటుంది. ముప్పై ఏళ్లు చేసిన పని అదే కదా, పేరొక్కటే వేరు.

కోర్సు విషయం ఒక్క మాటలో: ఇప్పుడొద్దు. ఆ సర్టిఫికెట్ మంచిదే, కానీ మీ ప్లాంటులో నీ మాటకు విలువ దానివల్ల రాదు, పై లెక్క వల్ల వస్తుంది. ప్రాసెస్ ప్లాంట్లకు 61508 కంటే దాని పిల్ల ప్రమాణం ఐఈసీ 61511 నీకు ఎక్కువ పనికొస్తుంది, ముందు అది చదువు. బైపాస్‌లు ఎట్లా నడపాలి, పరీక్షలు ఎట్లా రాయాలి అన్నది అందులో ఉంది. రెండు మూడేళ్లు ట్రిప్‌లను చేత్తో పరీక్షించాక ఆ కోర్సులో కూర్చుంటే ప్రతి స్లైడుకూ నీ దగ్గర ఒక సంగతి ఉంటుంది. డబ్బు కూడా అప్పటికి కంపెనీ చేత కట్టించొచ్చు.

జంపర్ తీసిన రోజు ఆ వైరు ముక్కను పారేయకు. రిజిస్టర్‌లో దాని పేజీకి టేపుతో అంటించి, కింద తేదీ వేయి. నేను తర్వాత పని చేసినచోట అట్లనే చేయించాను. కొన్నేళ్లకు ఆ నోట్‌బుక్ మూతపడనంత లావైంది.